సోమవారం క్లయింట్ ఆఫీసు, శుక్రవారం మంచుకొండ: ఒకే వారంలో రెండూ ఎలా?

"అన్నా, బూట్లు ఫ్లైట్‌లో ఎలా తెస్తావ్?" "ల్యాప్‌టాప్ ఎక్కడ పెడతావ్?" "గురువారం రాత్రి ఆ కొండ రోడ్డు మీద భయం వేయదా?" డిసెంబర్ వచ్చిందంటే నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

నాది డాలస్. చలికాలంలో ప్రాజెక్టు డెన్వర్‌లో పడుతుంటుంది. సోమవారం తెల్లవారుజామున ఫ్లైట్, గురువారం దాకా క్లయింట్ దగ్గర, ఆ రాత్రే కొండెక్కి ఆదివారం దాకా స్నోబోర్డింగ్. కన్సల్టింగ్‌లో ఉన్న మనవాళ్లు చాలామందికి ఈ మొదటి సగం బాగా అలవాటే. రెండో సగం కలిపేటప్పుడే తడబడతారు.

ఇది స్నోబోర్డింగ్ నేర్పే వ్యాసం కాదు. ఒకటి రెండు లెసన్లు తీసుకుని, గ్రీన్ రన్ (కొండ మీద అన్నిటికంటే తేలికైన దిగుడు దారి) మీద పడుతూ లేస్తూ అయినా దిగగలిగేవాళ్ల కోసం. అసలు బోర్డు ఎక్కనివాళ్లయితే మొదటి రోజు లెసన్ బుక్ చేసుకోండి. స్నేహితుడు నేర్పిస్తానంటే మాత్రం నమ్మొద్దు. పైకి తీసుకెళ్లి "ఇలా వాలు, అంతే" అని వాడు దిగి వెళ్లిపోతాడు.

ఏమేం కావాలి

ఆఫీసు సామాను మీకు తెలిసిందే, చెప్పను. మంచు సామాను ఇది:

- స్నోబోర్డ్ బూట్లు, సొంతవి
- థర్మల్స్ 2 జతలు, మెరినో ఉన్నివి గానీ పాలియెస్టర్‌వి గానీ
- పల్చటి ఫ్లీస్ ఒకటి, వాటర్‌ప్రూఫ్ జాకెట్, ప్యాంటు
- హెల్మెట్, గాగుల్స్. మబ్బు రోజుకి పసుపు లేదా గులాబి రంగు లెన్స్
- గ్లవ్స్ 2 జతలు, మోకాలి దాకా వచ్చే సాక్స్ 3 జతలు
- రిస్ట్ గార్డ్స్, ప్యాడెడ్ షార్ట్స్
- సన్‌స్క్రీన్, లిప్ బామ్, చిన్న వాజలీన్ డబ్బా
- పెద్ద చెత్త సంచులు 2, పాత న్యూస్‌పేపర్లు నాలుగైదు

చివరి లైను చూసి నవ్వకండి, దాని పని 9, 10 మెట్లలో తెలుస్తుంది.

బోర్డు ఈ జాబితాలో లేదు, గమనించారా? ఏడాదికి ఐదారు ట్రిప్పుల కంటే తక్కువ వెళ్లేవాళ్లు బోర్డు కొనడం దండగని నా అభిప్రాయం. అద్దెకు తీసుకోండి. బూట్లు మాత్రం సొంతవే ఉండాలి. వందమంది పాదాలు సాగదీసిన అద్దె బూటులో మడమ లేస్తుంటే బోర్డు మీ మాట వినదు. కొనేటప్పుడు ఒకటే పరీక్ష: నిటారుగా నిలబడితే వేళ్ల కొసలు ముందు గోడకి తగలీ తగలనట్టు ఉండాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి జరగాలి. లోపల సాక్స్ ఒక్క జతే. రెండు జతలు వేస్తే వెచ్చగా ఉంటుందనుకుంటారు. బిగుతుకి రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది.

అమ్మ పంపిన మంకీ క్యాప్ ఇంట్లోనే ఉంచండి. హెల్మెట్ కింద అది ఉంటే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, ఊపిరి ఆవిరి పైకెక్కి గాగుల్స్ మసకబారతాయి. జీన్స్, కాటన్ బనియన్లు కూడా వద్దు. కాటన్ చెమటని పీల్చుకుని అలాగే పట్టుకుంటుంది, కొండపైకి తీసుకెళ్లే కుర్చీ లిఫ్ట్ మీద గాలి తగిలేసరికి వెన్ను గడ్డకడుతుంది.

1. ముందు మేనేజర్‌ని అడగండి, రాతలో

రెండు వారాల ముందే. గురువారం రిటర్న్‌కి బదులు ఆదివారం రిటర్న్ తీసుకుంటే టికెట్ ధర ఎంత తేడా వస్తుందో చూసి, రెండు ధరల స్క్రీన్‌షాట్లూ ఒకే రోజు తీసి ఈమెయిల్‌కి జతచేయండి. చాలా కంపెనీలు తేడా లేకపోతే ఒప్పుకుంటాయి, ఉంటే ఆ తేడా మీరు కట్టుకోవాలి. గురువారం రాత్రి నుంచి హోటల్, కారు, పెట్రోలు అన్నీ సొంత కార్డు మీదే. సోమవారం కంపెనీ ఖర్చుతో తీసుకున్న కారునే కొండకి తోలుకెళ్లడం చాలామంది చేసే పని. రిపేరు వచ్చిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఆ రోజు ఆఫీసు పని మీద ఉన్నారా?" అనే. గురువారం సాయంత్రం వేరే కాంట్రాక్టు మీద వేరే కారు తీసుకోండి.

ఆరోగ్య ఇన్సూరెన్స్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, వీసా మీద ఉన్నవాళ్లయితే ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు రికార్డు) కాపీ, ఇవన్నీ ఒక జిప్ కవర్‌లో వేసి జాకెట్ లోపలి జేబులో పెట్టండి.

2. పాస్ సంగతి నవంబర్‌లోనే తేల్చండి

పీక్ రోజుల్లో పెద్ద రిసార్టుల దగ్గర కౌంటర్‌లో ఒక్క రోజు టికెట్ 300 డాలర్లు దాటిపోతుంది. ముందే కొన్న పాస్‌లో అదే రోజు చాలా తక్కువకి పడుతుంది. బ్రెకన్‌రిడ్జ్, కీస్టోన్, వెయిల్ వెళ్లాలంటే ఎపిక్ పాస్. కాపర్ మౌంటెన్, వింటర్ పార్క్ అయితే ఐకాన్ పాస్. ఏడాదికి నాలుగైదు రోజులే వెళ్తారనుకుంటే పూర్తి పాస్ కాకుండా రోజుల లెక్కన దొరికేవి చూడండి. ఎపిక్ అమ్మకాలు మామూలుగా డిసెంబర్ మొదట్లోనే ఆపేస్తారు. "క్రిస్మస్‌కి చూద్దాంలే" అనుకున్నవాళ్లు జనవరిలో నాకు ఫోన్ చేస్తారు. అప్పుడు నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు.

3. మకాం ఫ్రిస్కోలో పెట్టండి. కొలరాడో ఫ్రిస్కోలో!

సమ్మిట్ కౌంటీలో ఫ్రిస్కో, డిలన్, సిల్వర్‌థార్న్ మూడూ పక్కపక్కనే ఉంటాయి. రిసార్టు గుమ్మం ముందు గదుల కంటే చవక, నాలుగైదు కొండలు అరగంట లోపు దూరం. సమ్మిట్ స్టేజ్ అనే కౌంటీ బస్సు ఉచితం, కాబట్టి పొద్దున పార్కింగ్ గొడవ కూడా తప్పించుకోవచ్చు.

ఇక నా ఘనకార్యం. మొదటి ఏడాది ఫ్రిస్కోలో హోటల్ బుక్ చేశాను, కన్ఫర్మేషన్ వచ్చింది, సంతోషం. గురువారం రాత్రి తొమ్మిదింటికి మంచు కురుస్తుంటే కారు పక్కకి ఆపి దారి కోసం ఫోన్ తీశాను. ఆ హోటల్ మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉంది. టెక్సస్ ఫ్రిస్కో! సగం మంది తెలుగువాళ్లు ఉండే ఊరే కాబట్టి ఫోన్‌కి కూడా అదే అలవాటైపోయినట్టుంది. ఆ రాత్రి దొరికిన గదికి కట్టిన డబ్బుతో ఇంకో జత బూట్లు వచ్చేవి. బుక్ చేసేటప్పుడు ఊరి పేరు కాదు, రాష్ట్రం పేరు, పిన్‌కోడ్ చూడండి.

వంట గది ఉన్న కాండో తీసుకుంటే ఒక హెచ్చరిక. ఫ్రిస్కో ఎత్తు 9,000 అడుగుల పైనే. అక్కడ నీళ్లు 100 డిగ్రీలకి కాదు, సుమారు 91 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. గిన్నెలో పెట్టిన కందిపప్పు గంటన్నర ఉడికించినా పలుకు పలుకుగానే మిగిలింది మాకు. చారు పెట్టుకుని, పప్పుని చూస్తూ కూర్చున్నాం. ప్రెషర్ కుక్కర్ ఉందో లేదో ముందే అడగండి. లేదంటే పులిహోర పొడి, ఉప్మా ప్యాకెట్లు, కారప్పొడి, నెయ్యి పట్టుకెళ్లండి. అన్నానికి నీళ్లు ఎక్కువ పోసి, ఇంకాసేపు ఉంచితే చాలు.

4. రెండు బ్యాగులు, రెండు లోకాలు

నియమం ఒకటే: ఆఫీసు బ్యాగులోకి మంచు వస్తువు వెళ్లకూడదు, మంచు బ్యాగులోకి ఆఫీసు వస్తువు వెళ్లకూడదు. సోమవారం పొద్దున మీటింగులో ల్యాప్‌టాప్ తీస్తుంటే తడి సాక్స్ బయటపడటం చూశాను. నాది కాదని చెప్పుకోవడం కష్టం.

చేతి బ్యాగులో ఫ్లైట్ లోపలికి వెళ్లాల్సినవి: బూట్లు, గాగుల్స్, ఒక జత థర్మల్స్, ఒక జత గ్లవ్స్. చెకిన్ బ్యాగ్ రాకపోయినా జాకెట్, ప్యాంటు, బోర్డు, హెల్మెట్ అద్దెకి దొరుకుతాయి. మీ పాదానికి అలవాటైన బూట్లు దొరకవు. బూటు లోపల సాక్స్, గ్లవ్స్ కుక్కేస్తే చోటు కలిసొస్తుంది.

పవర్ బ్యాంకు, వేడి గ్లవ్స్ బ్యాటరీలు, ఏ విడి లిథియం బ్యాటరీ అయినా చేతి బ్యాగులోనే ఉండాలి. చెకిన్‌లో వేయకూడదు. ఇది మర్చిపోతే కౌంటర్ దగ్గర నేల మీద బ్యాగు తెరిచి వెతుక్కోవాల్సి వస్తుంది.

సొంత బోర్డు తెచ్చేవాళ్లకి: అమెరికాలో పెద్ద ఎయిర్‌లైన్స్ చాలావరకు బోర్డు బ్యాగునీ బూట్ల బ్యాగునీ కలిపి ఒకే చెకిన్ బ్యాగుగా లెక్కపెడతాయి. బరువు హద్దు మామూలుగా 50 పౌండ్లు. బోర్డు బ్యాగు ఖాళీ కనిపిస్తే మనకి చేయి ఆగదు, జాకెట్లు, చెప్పులు, పచ్చడి సీసా అన్నీ తోసేస్తాం. మీ ఎయిర్‌లైన్ దాన్ని ఒప్పుకుంటుందో లేదో వాళ్ల సైటులో చూసుకోండి. డెన్వర్‌లో దిగాక మామూలు బెల్టు దగ్గరే నిలబడి ఎదురుచూడకండి, పొడుగు బ్యాగులు ఓవర్‌సైజ్ చోటుకి వస్తాయి.

*సరిచూసుకోండి:* ఆదివారం రాత్రి బాత్రూం స్కేలు మీద మీరు బ్యాగు పట్టుకుని ఒకసారి, లేకుండా ఒకసారి నిలబడండి. తేడా 48 దాటితే ఏదో ఒకటి తీసేయండి. విమానాశ్రయం స్కేలు ఎప్పుడూ మీ పక్షాన ఉండదు.

5. సోమవారం నుంచి బుధవారం దాకా: ఒళ్లు అలవాటు చేయండి

ఇక్కడ మీకు ఒక లాభం ఉంది. డాలస్ నుంచి నేరుగా కొండెక్కేవాడికి మొదటి రాత్రి తలనొప్పి రావచ్చు. మీరు మాత్రం 5,280 అడుగుల డెన్వర్‌లో మూడు రాత్రులు పడుకుని మరీ ఎక్కుతున్నారు. ఆ మూడు రాత్రుల్నీ పాడుచేసుకోకండి: నీళ్లు బాగా తాగండి, క్లయింట్ డిన్నర్లలో మందు తగ్గించండి, నిద్ర పోండి.

గాలి చాలా పొడిగా ఉంటుంది. రెండో రోజుకే పెదవులు పగులుతాయి, ముక్కులోంచి రక్తపు చార కనిపిస్తుంది. రాత్రి పడుకునే ముందు ముక్కు లోపల వాజలీన్ రాసుకుంటే చాలు. ఇంటినుంచి తెచ్చిన కొబ్బరినూనె సీసా రాయిలా గడ్డకట్టి ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకోకండి.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి "ఏ లైన్" (A Line) అనే రైలు ఉంది, యూనియన్ స్టేషన్‌కి 37 నిమిషాలు. గురువారం దాకా కారు అవసరం లేనట్టే. ఆఫీసు షూస్ అడుగు నున్నగా ఉంటే మాత్రం ఫుట్‌పాత్ మీద కనిపించని ఐస్ ఉంటుంది, జాగ్రత్త. కొండ మీద పడకుండా తిరిగొచ్చి, క్లయింట్ గుమ్మంలో మోచేయి విరగ్గొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఆ పై సోమవారం మళ్లీ అదే హోటల్‌కి వస్తున్నారా? గురువారం ఖాళీ చేసేటప్పుడు ఆఫీసు బట్టల బ్యాగుని డెస్కులో ఇచ్చి రసీదు తీసుకోండి. వారం వారం వచ్చేవాళ్లకి సాధారణంగా కాదనరు. ల్యాప్‌టాప్ మాత్రం వదలకండి.

6. గురువారం సాయంత్రం: ఈ మూడు గంటలే వారమంతా

వారం చెడిపోయేది కొండ మీద కాదు. గురువారం ఐదింటికీ ఎనిమిదింటికీ మధ్య, తొందరలో చెడిపోతుంది. నా వరస ఇది.

నాలుగున్నరకి: శుక్రవారం సెలవైతే అవుట్ ఆఫ్ ఆఫీస్ పెట్టడం, సగం రోజు పనైతే ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా దొరుకుతానో టీముకి చెప్పడం. టైమ్‌షీట్ ఇప్పుడే నింపండి, ఆదివారం రాత్రి వేళ్లు వంగవు.

ఐదింటికి: రోడ్డు సంగతి చూడటం. కొలరాడో రవాణా శాఖ వాళ్ల సీఓ ట్రిప్ సైటులో కొండకెళ్లే ఐ-70 హైవే కెమెరాలు కనిపిస్తాయి. ఐజన్‌హవర్ టన్నెల్ దగ్గర కెమెరాలో రోడ్డు నల్లగా ఉందా, తెల్లగా ఉందా? తెల్లగా ఉండి, ఇంకా కురుస్తుంటే ఆ రాత్రి వెళ్లకండి. డెన్వర్‌లోనే పడుకుని శుక్రవారం మంచు తీసేశాక బయల్దేరండి. శుక్రవారం ఉదయం పోయిందని బాధపడొద్దు, కొత్త మంచు శనివారానికీ మిగులుతుంది.

ఐదున్నరకి: కారు. ఇక్కడ తొందరపడకండి. బుకింగ్‌లో ఆల్ వీల్ డ్రైవ్ అని ఉన్నా లాట్‌లో మీకు చూపించేది అదే అయి ఉండాలని లేదు. కారు వెనక రాసి ఉందో లేదో చూడండి, లేకపోతే మార్చమనండి. తర్వాత టైర్ల దగ్గర వంగండి. ఐ-70 మీద మారిసన్‌కీ డాట్‌సెరోకీ మధ్య సెప్టెంబర్ 1 నుంచి మే 31 దాకా ట్రాక్షన్ చట్టం (మంచులో జారకుండా టైర్లకి పట్టు ఉండాలనే చట్టం) నడుస్తుంది. టైరు గాడి లోతు కనీసం అంగుళంలో 16వ వంతులు 3 ఉండాలి, అంటే దాదాపు 5 మిల్లీమీటర్లు. టైరు పక్కన కొండబొమ్మలో మంచురవ్వ గుర్తు గానీ, ఎం ప్లస్ ఎస్ అక్షరాలు గానీ ఉండాలి. టూ వీల్ డ్రైవ్ అయితే చెయిన్లు గానీ వాటికి బదులు వాడే గుడ్డ తొడుగులు గానీ కారులో ఉండాలి. చాలా రెంటల్ కాంట్రాక్టుల్లో చెయిన్లు వేయకూడదని రాసి ఉంటుంది కాబట్టి టూ వీల్ డ్రైవ్ తీసుకోకపోవడమే మేలు. పట్టుబడితే జరిమానా 130 డాలర్ల పైన. అలాంటి టైర్లతో ఇరుక్కుని రోడ్డు మూసేస్తే 650 దాటుతుంది.

డిక్కీ తెరిచి మంచు గీకే బ్రష్ ఉందో లేదో చూడండి. లేదంటే అడగండి, ఇస్తారు. అద్దం కడిగే నీళ్లు నిండా ఉన్నాయా? రోడ్డు మీద చల్లే మెగ్నీషియం క్లోరైడ్ ముందు లారీ చక్రాల నుంచి లేచి మీ అద్దం మీద పాలపొరలా అంటుకుంటుంది. వైపర్ ఒక్కటే తిప్పితే ఇంకా అలుముకుంటుంది. ఆ నీళ్లు లేకపోతే గంటకి 60 మైళ్ల వేగంలో మీరు గుడ్డివాళ్లే.

ఏడింటి లోపు: ఫ్రిస్కో లేదా సిల్వర్‌థార్న్ ఊళ్లో బోర్డు తీసుకోవడం, కుదిరితే. చాలా షాపులు ముందు రోజు సాయంత్రం తీసుకుంటే ఆ రోజుకి డబ్బు లెక్కేయవు. రిసార్టు దగ్గరి షాపుల కంటే ఊళ్లోవి చవక కూడా. షాపు మూసే టైము ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మీరు ఏ కాలు ముందు పెడతారో గుర్తుపెట్టుకుని చెప్పండి: ఎడమ కాలు ముందైతే రెగ్యులర్, కుడి కాలు ముందైతే గూఫీ.

7. రోడ్డు

డెన్వర్ నుంచి ఫ్రిస్కో దాదాపు 70 మైళ్లు, బాగుంటే గంటన్నర లోపే. ఐజన్‌హవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంటుంది. దాటాక సిల్వర్‌థార్న్ దాకా నిట్టనిలువు దిగుడు. అక్కడ బ్రేకు మీద కాలు ఊరికే నొక్కిపెట్టకండి. తక్కువ గేరులో వేసి ఇంజనుని పట్టుకోనివ్వండి, బ్రేకు ఆగి ఆగి వాడండి. ముందు కారుకి మీరు మామూలుగా వదిలేదానికి మూడింతల దూరం వదలండి. సగం ట్యాంకు పెట్రోలు, నీళ్లు, దుప్పటి, తినడానికి జంతికలు ఉంచుకోండి. ఒక్కోసారి ఏదో లారీ అడ్డం తిరిగితే రెండు గంటలు కదలదు.

నడపడం ఇష్టం లేదా? తప్పేం లేదు. శని, ఆదివారాల్లో రవాణా శాఖవాళ్ల స్నోస్టాంగ్ బస్సులు డెన్వర్ నుంచి రిసార్టులకి వెళ్తాయి. ఇంకా బాగుండేది రైలు: యూనియన్ స్టేషన్‌లో ఆమ్‌ట్రాక్ వింటర్ పార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సుమారు రెండు గంటలు. 1928లో తెరిచిన మాఫట్ టన్నెల్ లోంచి బయటికి రాగానే లిఫ్టులు కనిపిస్తాయి. సీజన్లో వారానికి కొన్ని రోజులే నడుస్తుంది, కాబట్టి తేదీలు చూసి మిగతాది బుక్ చేసుకోండి.

8. శుక్రవారం: సగం రోజు చాలు

శుక్రవారం జనం తక్కువ, నేర్చుకునేవాళ్లకి బంగారం లాంటి రోజు. బ్రెకన్‌రిడ్జ్‌లో ఇంపీరియల్ లిఫ్ట్ 12,840 అడుగులకి తీసుకెళ్తుంది. మొదటి రోజే దాని ఫోటో కోసం ఎక్కకండి. కింద గ్రీన్ రన్స్ మీద మూడు నాలుగు సార్లు దిగి, ఊపిరి ఎలా ఉందో చూడండి.

బట్టల కొలత: గుమ్మం బయట కదలకుండా రెండు నిమిషాలు నిలబడితే కాస్త చలి వేయాలి. వెచ్చగా ఉంటే పొర ఎక్కువైనట్టు, రెండో రన్‌కే చెమట పట్టి తడుస్తారు.

రిస్ట్ గార్డ్స్ సిగ్గుపడకుండా వేసుకోండి. స్నోబోర్డు మీద కొత్తవాళ్లు ఎక్కువగా విరగ్గొట్టుకునేది మణికట్టే, పడేటప్పుడు చెయ్యి ఆనిస్తారు కాబట్టి. విరిగిన చేత్తో సోమవారం కోడ్ రాయలేరు. సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు రంధ్రాల చుట్టూ కూడా రాయండి. ఎత్తులో ఎండ ఘాటు ఎక్కువ, కొత్త మంచు దాన్ని కింది నుంచి మళ్లీ కొడుతుంది. మన రంగుకి ఎండ తగలదనే ధీమా ఆదివారానికి ముఖం మీద గాగుల్స్ అచ్చుగా మిగులుతుంది.

కొండ మీద మీ కంటే కిందున్నవాళ్లదే దారి, తప్పించుకోవాల్సింది మీరు. ఆగాలంటే రన్ పక్కకి వెళ్లి, పైనుంచి వచ్చేవాళ్లకి కనిపించేచోట ఆగండి. ఫోన్ లోపలి జేబులో పెట్టండి. బయటి జేబులో 60 శాతం ఉన్న ఫోన్ లిఫ్ట్ దిగేసరికి ఆరిపోతుంది.

రెండింటికి ఆపేయండి. "ఇంకొక్కటి" అన్న రన్‌లోనే కాళ్లు మాట వినవు.

మధ్యాహ్నం పని చేయాల్సినవాళ్లకి: చల్లటి కారులో ఉన్న ల్యాప్‌టాప్‌ని గదిలోకి తేగానే తెరవకండి. లోపల తేమ పట్టి ఉంటుంది. బ్యాగు జిప్ వేసి అలాగే గంట ఉంచండి. గడ్డకట్టే చలిలో ఉన్న ఫోన్‌కి వెంటనే చార్జర్ పెట్టడం కూడా బ్యాటరీకి మంచిది కాదు.

9. ఆరబెట్టడం: ఎవరూ పట్టించుకోని పని

శనివారం ఉదయం పాదాలు గడ్డకట్టాయంటే తప్పు చలిది కాదు, శుక్రవారం రాత్రిది. గదికి రాగానే, టీ పెట్టుకోకముందే, ఇది చేయండి.

బూటు తాడు మొత్తం వదులు చేసి లోపలి లైనర్‌ని బయటికి లాగండి. మొదటిసారి రాదు. నాలుకని ముందుకి వంచి, మడమ దగ్గర పట్టుకుని గుంజాలి. లైనర్ లోపల చెయ్యి పెట్టి వేళ్ల కొస దాకా తోయండి. అక్కడ చల్లగా తగిలితే అది తడి. న్యూస్‌పేపరు నలిపి ఆ కొసలో కూరండి. గంట తర్వాత తీస్తే కాగితం మెత్తబడి ఉంటుంది, పడేసి కొత్తది పెట్టండి. పడుకునేముందు మూడోసారి. లైనర్లని ఫ్యాన్ గాలి తగిలేచోట నోరు పైకి ఉండేలా ఆనించండి. హెయిర్ డ్రయర్ వాడితే చల్లగాలి మీద పెట్టండి. హీటర్ మీద, పొయ్యి పక్కన పెడితే లైనర్ ఫోమ్ ఆకారం మారిపోతుంది. మా స్నేహితుడి బూటు అలాగే ముడుచుకుపోయి బాల్యంలోకి వెళ్లిపోయింది.

గ్లవ్స్ వేళ్లు కిందికి కాదు, పైకి ఉండేలా సీసాల మీద తొడగండి. గాగుల్స్ లోపలి అద్దాన్ని గుడ్డతో రుద్దకండి, పొర పోతుంది. ఊరికే ఆరనివ్వండి. సొంత బోర్డైతే స్టీలు అంచుల్ని పాత తువ్వాలుతో తుడవండి, తడి బ్యాగులో రెండు రోజులుంటే తుప్పు గీత పడుతుంది.

*సరిచూసుకోండి:* పొద్దున లైనర్ కొసలో టిష్యూ పేపరు పెట్టి నొక్కి తీయండి. పొడిగా వస్తే మీ పని అయినట్టు.

10. ఆదివారం

ఆదివారం మధ్యాహ్నం ఐ-70 తూర్పు వైపు దారి మీద డెన్వర్ జనమంతా ఉంటారు. ఫ్రిస్కో నుంచి విమానాశ్రయానికి మామూలుగా రెండు గంటల లోపు దారి నాలుగు గంటలు పట్టిన రోజులున్నాయి. రెండే మార్గాలు: పదకొండుకే కొండ దిగి, బోర్డు ఇచ్చేసి పన్నెండు లోపు రోడ్డెక్కడం. లేదా సాయంత్రం ఏడు దాకా ఫ్రిస్కోలోనే తిని, నడిచి, చీకటి పడ్డాక దిగి సోమవారం మొదటి ఫ్లైట్ పట్టుకోవడం. మధ్యలో మూడింటికి బయల్దేరడం మాత్రం మార్గం కాదు.

తడి సామాను అంతా చెత్త సంచిలో కట్టి అప్పుడు బ్యాగులో పెట్టండి.

ఎత్తు పడకపోతే

తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం: కొంతమందికి మొదటి రాత్రి వస్తాయి. నీళ్లు తాగి, ఆ రోజు బరువైన పని మానేయండి. తగ్గకుండా పెరుగుతుంటే ఇంకా పైకి వెళ్లకుండా డెన్వర్‌కి దిగిపోండి. ఊరికే కూర్చున్నా ఆయాసం, నడకలో తూలడం, మాట తడబడటం కనిపిస్తే పొద్దున దాకా చూడొద్దు, 911కి ఫోన్ చేయండి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లు, గర్భిణులు బయల్దేరకముందే డాక్టర్‌ని అడగాలి. ఎత్తుకి వేసుకునే మాత్రలు కూడా ఆయన చెబితేనే.

ఇంటికొచ్చాక

అర్ధరాత్రి గుమ్మం దాటగానే మంచు బ్యాగుని గ్యారేజీలోనే తెరిచేయండి. జాకెట్ హ్యాంగర్‌కి, లైనర్లు బయటికి, సాక్స్ వాషింగ్ మెషీన్లోకి. గ్లవ్స్ జత లెక్క చూడండి. ఒకటి ఎప్పుడూ అద్దె కారు సీటు కింద మిగిలిపోతుంది, అందుకే పైన రెండు జతలని రాశాను.